బేరం వచ్చు సరే, సరుకు తెలుసా? చార్మినార్ చౌరస్తా: అపోహలు - వాస్తవాలు

"లాడ్‌బజార్‌లో గాజులు ఎంతకి అడగాలండీ? చెప్పినదాంట్లో సగమా, మూడో వంతా?"

పాతబస్తీ నడకలకు వచ్చేవాళ్లు పత్తర్‌గట్టి దాటకముందే అడిగే ప్రశ్న ఇది. పెళ్లి బజారుకి వరంగల్ నుంచి దిగిన కుటుంబమైనా, సెలవులకు డాలస్ నుంచి వచ్చిన పిల్లలైనా ఇదే అడుగుతారు. కొనబోయే వస్తువు మంచిదో కాదో ఎలా చూడాలని అడిగేవాళ్లు మాత్రం చాలా అరుదు. ఈ చౌరస్తాలో జనం డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. అందుకే దాన్ని తీరిగ్గా చెప్పి, మిగతావి గబగబా ముగిస్తాను.

అపోహ: చెప్పిన రేటులో సగానికి దింపితే మనం గెలిచినట్టే

ఈ సగం లెక్క కొనేవాళ్లకు ఎంత బాగా తెలుసో అమ్మేవాళ్లకూ అంతే బాగా తెలుసు. మూడింతలు చెప్పి సగానికి ఇచ్చినా మిగిలే సరుకు ఉంటుంది. పదో పరకో తప్ప తగ్గించలేని సరుకూ ఉంటుంది. రెండూ ఒకే బీరువాలో, ఒకే లైటు కింద పక్కపక్కనే మెరుస్తుంటాయి. చేతిలో ఉన్నది ఏ రకమో తెలియకపోతే ఎంత గట్టిగా బేరమాడినా ఫలితం లేదు. చేత్తో చేసిన లక్క గాజుల జతని సగానికి అడగడం, ఇవ్వనంటే మోసం అనుకుని పక్క దుకాణానికి వెళ్లడం, అక్కడ అదే డబ్బుకి అచ్చులో పోసిన రెసిన్ గాజులు కొనుక్కుని సంతోషపడటం ఆ వీధిలో రోజూ జరిగేదే. కుంపటి ముందు కూచుని చేసినవాడికి అమ్మకం పోయింది. కొన్నవాళ్లకి లక్క గాజు దక్కలేదు.

ముందు గాజుల సంగతి. చార్మినార్ నుంచి పడమరకి వెళ్లే వీధే లాడ్‌బజార్. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ, అంటే ఈ ఊరి ప్రత్యేక సరుకన్న గుర్తింపు వచ్చింది. అంతమాత్రాన ఆ వీధిలో వేలాడే ప్రతి గాజూ లక్క గాజు అయిపోదు. మట్టి గాజులు, మెటల్ గాజులు, రెసిన్ గాజులు అన్నీ అక్కడే అమ్ముతారు, అందులో తప్పేమీ లేదు. ఏది ఏదో మనకి తెలియాలి, అంతే.

లక్క అంటే లక్క పురుగులు చెట్ల కొమ్మల మీద వదిలే బంక. దాన్ని నిప్పుల మీద కరిగించి, రంగు కలిపి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా చుట్టి అతుకుతారు. లేదా లోహపు వలయం మీద పొరగా ఎక్కిస్తారు. అది మెత్తగా ఉన్నంతసేపట్లోనే రాళ్లు, అద్దం ముక్కలు, పూసలు ఒక్కొక్కటే పొదగాలి. చల్లారితే మళ్లీ వేడి చూపించి పని సాగించాలి. ఈ పద్ధతి తెలిస్తే సరుకు చూడటం దానంతటదే వస్తుంది.

గాజు లోపలి అంచు మీద వేలు తిప్పండి. చేత్తో చేసినదైతే ఎక్కడో ఒకచోట కొంచెం మందం మారుతుంది, అతుకు తగులుతుంది. అచ్చులో పోసినదైతే చుట్టూ ఒకే నునుపు, ఒక్కోసారి అచ్చు రెండు సగాలు కలిసిన సన్నటి గీత కూడా కనపడుతుంది. రాళ్ల వరసని పక్కనుంచి చూడండి. లక్కలో పొదిగిన రాయి కొంత లోపలికి దిగి ఉంటుంది, చుట్టూ లక్క దాన్ని పట్టుకుని ఉంటుంది. గమ్ముతో అంటించినది పైన కూచుని ఉంటుంది, మొదలులో గమ్ము మెరుపు కనపడుతుంది. గోటితో మెల్లగా తాకితే కదిలే రాయి ఇంటికి చేరేలోపే రాలిపోతుంది. సూది కాల్చి గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తారు. దుకాణదారు సరుకు పాడుచేసే పని అది, చెయ్యకండి.

రేటు మాట్లాడేముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, ఆ ధర జతకా, సెట్టుకా, డజనుకా అన్నది. గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. రెండోది సైజు. గాజు సైజుల్లో చుక్క తర్వాత అంకె దశాంశం కాదు, అంగుళంలో పదహారో వంతులు. 2.4 అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు, అంటే రెండుంబావు అంగుళాలు, సుమారు 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే 60 మిల్లీమీటర్ల పైచిలుకు, 2.8 అంటే రెండున్నర అంగుళాలు, 63.5 మిల్లీమీటర్లు. కాబట్టి 2.10 అన్నది 2.2 కన్నా చిన్నది కాదు. అది 2.8 కన్నా పెద్దది, దాదాపు 67 మిల్లీమీటర్లు. ఊళ్లో ఉన్న అక్కకో కోడలికో ఫోన్లో సైజు అడిగి కొనేవాళ్లు దీని దగ్గరే బోల్తా పడుతున్నారు. సరిపోయే పాత గాజు ఒకటి వెంట తెచ్చుకోండి. కుదరకపోతే దాని లోపలి వ్యాసం స్కేలుతో కొలిచి రాసుకు రండి. పొదిగిన గాజులు వెడల్పుగా ఉంటాయి, కాబట్టి మామూలుగా వేసుకునే సైజు బిగుతుగా అనిపిస్తే ఒక సైజు పైకి వెళ్లండి. కొన్ని దుకాణాల్లో అక్కడికక్కడే వేడి చేసి కొద్దిగా సాగదీసి ఇస్తారు, అడగడానికి మొహమాటపడకండి. రాలితే పెట్టుకోవడానికి అదే రంగు రాళ్లు నాలుగు అడిగి తీసుకోండి.

లక్క వేడికి మెత్తబడుతుంది. మే నెలలో గాజుల పెట్టెని కారు డాష్‌బోర్డు మీద వదిలేసి చౌమహల్లా ప్యాలెస్ చూసొస్తే వంకర తిరిగిన గాజులే మిగులుతాయి. వంట చేసేటప్పుడు తీసెయ్యండి, నీళ్లలో నానబెట్టకండి.

అపోహ: హైదరాబాద్ ముత్యాల నగరం కదా, ఇక్కడ కొన్నదేదైనా అసలుదే, మంట పెట్టి చూపిస్తారు కూడా

దీనికి జనం చెల్లించే మూల్యం చూస్తే బాధేస్తుంది. హైదరాబాద్‌కి సముద్రం లేదు. ముత్యాలు ఇక్కడ పుట్టలేదు, ఇక్కడికి వచ్చాయి. కుతుబ్‌షాహీల కాలంలోనూ నిజాముల కాలంలోనూ బస్రా ముత్యాలని పిలిచే పర్షియన్ గల్ఫ్ ముత్యాలు ఈ ఊరికి చేరేవి. ఊరికి పేరొచ్చింది వాటిని ఏరడంలో, రంధ్రం వెయ్యడంలో, గుచ్చడంలో. ఇప్పుడు పత్తర్‌గట్టి, చార్‌కమాన్ దుకాణాల్లో కనపడే దండల్లో అధికభాగం చైనాలో మంచినీటి ఆల్చిప్పల్లో పెంచినవి. వాటినే కల్చర్డ్ ముత్యాలంటారు. కల్చర్డ్ అన్నారు కాబట్టి నకిలీ అనుకోనక్కర్లేదు. ఆల్చిప్పలో పెరిగిన అసలు ముత్యమే అది, పెరగడానికి మనిషి సాయం చేశాడంతే. గాజు పూసకో ప్లాస్టిక్ పూసకో ముత్యపు రంగు పూత వేస్తే అది నకిలీ.

ఇక ఆ మంట సంగతి. దుకాణంలో లైటర్ వెలిగించి దండ మీద రెండు క్షణాలు ఆడించి, "చూడండి, ఏమీ కాలేదు" అంటారు. దానివల్ల తేలేది ఆ పూస ప్లాస్టిక్ కాదని మాత్రమే. పూత పూసిన గాజు పూస కూడా ఆ రెండు క్షణాలు తట్టుకోగలదు. పైగా ముత్యమంటే కాల్షియం కార్బొనేట్ పొరలు, వాటి మధ్య కాస్త జీవపదార్థం, కాస్త తేమ. ఎక్కువసేపు వేడి తగిలితే పొర పగులుతుంది, రంగు మారుతుంది. అసలు ముత్యానికి హాని చేస్తూ, గాజు పూసని వదిలేసే పరీక్షని నమ్మి వేలకు వేలు పెట్టకండి.

నమ్మదగిన పనులు వేరే ఉన్నాయి. రెండు ముత్యాలని ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దండి, గరుకు తగులుతుంది. ముందుపళ్ల అంచుకి తాకించినా సన్నటి ఇసుక మీద రుద్దినట్టుంటుంది, పూత పూసల్లో జారుడుగా ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది రంధ్రం. దండని వంచి, రెండు ముత్యాల మధ్య రంధ్రం అంచుని ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి. నకిలీలో అంచు దగ్గర పూత పెచ్చులుగా లేచి, కింద గాజో ప్లాస్టిక్కో బయటపడుతుంది. అసలుదాంట్లో అంచు శుభ్రంగా తెగి, లోపలికి కూడా అదే పదార్థం కనపడుతుంది. దండలో ప్రతి ముత్యం అచ్చుగుద్దినట్టు ఒకే గుండ్రన, ఒకే మెరుపు ఉండి ధర మరీ తక్కువైతే ఇంకోసారి ఆలోచించండి. ఒక్క పరీక్షతో తేల్చెయ్యకండి, రెండు మూడు కలిపి చూడండి.

బిల్లు మీద "ముత్యాల సెట్టు 1" అని రాస్తే ఒప్పుకోవద్దు. మంచినీటి కల్చర్డ్ అన్న మాట, ముత్యాల బరువు, బంగారం గానీ వెండి గానీ ఉంటే దాని బరువు విడిగా రాయించండి. బంగారు లాకెట్టు అయితే హాల్‌మార్క్‌తో పాటు ఆ నగకే ఇచ్చే ఆరు అక్షరాల గుర్తింపు కోడ్, హెచ్‌యూఐడీ చూడండి. ముత్యాల మీద జీఎస్టీ 3 శాతం. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే, రేపు మీ చేతిలో మిగిలేది నోటిమాటే.

ఆటో డ్రైవరు "గవర్నమెంటు ముత్యాల షాపు ఉంది, ఊరికే చూడండి చాలు" అంటే మర్యాదగా వద్దనండి. అలా తీసుకెళ్లే చోట కమీషన్ మీ ధరలోనే కలుస్తుంది. ఇప్పటికే అలా కొనేసి దిగులుపడుతున్నవాళ్లు ముందు బిల్లు వెతకండి, రంధ్రం చూడండి. చాలాసార్లు తేలేది ఎక్కువ ధర పెట్టారని మాత్రమే. ముత్యం అసలుదే అయితే వేసుకోండి. సెంటు రాసుకున్నాక ఆఖర్న వేసుకోవాలి, తీశాక మెత్తటి గుడ్డతో తుడవాలి. వెండి సామాన్లకి చేసినట్టు చింతపండుతోనో నిమ్మరసంతోనో తోమితే పులుపుకి పైపొర కరిగిపోతుంది.

అత్తరు గురించి రెండు మాటలు. సీసా మూత తీయగానే గుప్పుమన్నది మంచిదనుకోవద్దు. మణికట్టు మీద చుక్క రాసుకుని అరగంట చౌరస్తాలో తిరిగి రండి. అప్పుడు మిగిలిన వాసనే మీరు కొనేది. ఒకేసారి మూడింటికి మించి వాసన చూస్తే ముక్కు పనిచెయ్యదు. ధర తులానికి చెబితే, తులం అంటే 11.66 గ్రాములు. సీసా మీద రాసిన మిల్లీలీటర్లు చూసి ధర లెక్కేసుకోండి.

అపోహ: సాయంత్రం వెళ్తే అన్నీ చూడొచ్చు

బజారు సాయంత్రానిదే, కట్టడాలు మాత్రం పగటివి. చార్మినార్ ఎక్కాలంటే ఉదయం 9:30 నుంచి సాయంత్రం 5:30 వరకే. భారతీయులకు టికెట్ 25 రూపాయలు, 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. చౌమహల్లా 5 గంటలకు మూస్తారు, పైగా శుక్రవారం సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియంకీ శుక్రవారమే సెలవు. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజు, దాదాపు రెండింటి దాకా ఆ వైపు కదలడం కష్టం. దుకాణాలు పదకొండుకి ముందు సరిగ్గా తెరుచుకోవు. కాబట్టి పొద్దున్నే వచ్చి చార్మినార్ ఎక్కి, మక్కా మసీదు ప్రాంగణం చూసి, చౌమహల్లా ముగించుకుని, ఎండ వాలాక బజారులోకి దిగండి. గాజుల రంగు మాత్రం చీకటి పడకముందే, దుకాణం గుమ్మంలో పగటి వెలుతురులో చూసుకోండి. దీపాల కింద ఎరుపు, మెరూన్ ఒకలాగే కనపడతాయి.

అపోహ: కారులో చార్మినార్ దాకా వెళ్లొచ్చు

చుట్టూ నడకదారి చేశారు, వాహనాలు రావు. దీన్ని విసుక్కునేవాళ్లకు ఒక్క సంగతి. ఆ మీనార్ల మీది పూలు, లతలు డంగు సున్నంతో చేసినవి. 2019 మే నెలలో ఒక మీనారు నుంచి అలాంటి అలంకరణ ముక్క ఊడి కింద పడింది. నాలుగు శతాబ్దాలు దాటిన సున్నపు పనికి పొగ, అదురు రెండూ శత్రువులే. ప్రస్తుతానికి దగ్గరి మెట్రో స్టేషన్ ఎంజీబీఎస్. అక్కడినుంచి నయాపూల్ దాటి, మదీనా మీదుగా పత్తర్‌గట్టి రాతి కమాన్ల నీడలో నడిస్తే రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ. చౌరస్తాలోకి రావలసిన సరైన దారి కూడా అదే. చార్మినార్ 1591 నాటిది. చార్‌కమాన్, అంటే నాలుగు కమాన్లు, మధ్యలో గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ ఆ మరుసటి ఏడాదివి. ఆ కమాన్ల మధ్య చోటు అప్పట్లో రాజమహలు ముందు ఆవరణ. మచిలీ కమాన్ కిందనుంచి లోపలికి రాగానే ఎదురుగా చార్మినార్ కమాన్, దాని వెనక చార్మినార్ ఒకే గీతలో కనపడతాయి. కారులో వచ్చి పక్క సందులోంచి దిగేవాళ్లకి ఈ దృశ్యం దొరకదు.

మిగతావి వరసగా. చార్మినార్ పైదాకా ఎక్కలేరు. మెట్లు 149 ఉన్నమాట నిజమే కానీ సందర్శకులను మొదటి అంతస్తు దాకానే పంపుతారు. ఇక్కడినుంచి గోల్కొండకి సొరంగం ఉందన్నది వినడానికి బాగుంటుంది, అది ఉన్నట్టు ఎవరూ నిరూపించలేదు. హలీం సీజను రంజాన్ నెల. ఆ నెలలో బజారు తెల్లవారుజాము దాకా నడుస్తుంది, పసిపిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వస్తే ఆ గుంపు తట్టుకోవడం కష్టం.

అపోహ: పాతబస్తీకి ఆడవాళ్లు, కొత్తవాళ్లు వెళ్లకూడదు

ఈ భయంతో ఫోన్ చేసేవాళ్ల మీద కోపం రాదు, ఆ పుకార్లు పంచేవాళ్ల మీద వస్తుంది. లాడ్‌బజార్‌లో ఏ సాయంత్రమైనా కొనేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది రద్దీ గురించి. ఫోన్ వెనక జేబులో పెట్టకండి, సంచి ముందుకు వేసుకోండి, పిల్లల జేబులో మీ నంబరు రాసిన కాగితం పెట్టండి. మసీదు ప్రాంగణంలోకి చేతులు, కాళ్లు కప్పే బట్టలతో వెళ్లండి, చెప్పులు విడవాలి.

తప్పిపోతే కలవడానికి "గడియారం కింద" అని మాత్రం చెప్పుకోవద్దు. 1889లో పెట్టిన గడియారాలు చార్మినార్‌కి నాలుగు వైపులా ఉన్నాయి, నాలుగు ముఖాలూ ఒకేలా ఉంటాయి. ఒకరు తూర్పున, ఒకరు పడమర నిలబడి అరగంట ఫోన్లో అరుచుకోవడమే అవుతుంది. మక్కా మసీదు గేటు గానీ, యునానీ ఆస్పత్రి గేటు గానీ, గుల్జార్ హౌజ్ గానీ చెప్పుకోండి. చౌరస్తాలో అవి ఒక్కొక్కటే ఉన్నాయి.