చెవి శుభ్రత: అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో వానాకాలం మొదలయ్యేసరికి చెవి, ముక్కు, గొంతు డాక్టర్ల దగ్గరికి చెవిలో దురద, దిబ్బడ, నొప్పి అంటూ వచ్చేవారు ఎక్కువవుతారు. వారిలో చాలామంది చెవిని పట్టించుకోనివారు కారు, అతిగా పట్టించుకున్నవారు.

అపోహ: గులిమి మురికి, ఎప్పటికప్పుడు తీసేయాలి.

వాస్తవం: చెవి గొట్టం బయటి భాగంలోని గ్రంథుల స్రావానికి రాలిన చర్మపు పొరలు తోడై గులిమి తయారవుతుంది. కాస్త ఆమ్లగుణం ఉన్న ఆ జిడ్డు లోపలి చర్మాన్ని తడి నుంచి, క్రిముల నుంచి కాపాడుతుంది. పెద్దవారిలో సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవుండే ఆ గొట్టంలోని చర్మం కర్ణభేరి వైపు నుంచి బయటికి నెమ్మదిగా జరుగుతూ గులిమిని తనతో మోసుకొస్తుంది. నమిలేటప్పుడు, మాట్లాడేటప్పుడు దవడ కదలిక ఇందుకు సాయపడుతుంది. దూది బడ్ కొనకు అంటిన పసుపు రంగు చూసి చెవి శుభ్రమైందనుకుంటాం గానీ, మిగిలిన గులిమి లోపలికి దట్టించుకుపోతుంది. స్నానమయ్యాక చెవి దొప్పను, రంధ్రం అంచును తువాలుతో తుడుచుకుంటే చాలు. పిన్నీసుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అయినా బండి తాళంచెవితో చెవి గోక్కుంటూనే డాక్టరు గదిలోకి అడుగుపెట్టేవారు ఉంటారు.

అపోహ: వారానికోసారి చెవిలో కాచిన నూనె పోయాలి.

వాస్తవం: గట్టిపడిన గులిమిని మెత్తబరచడానికి కొన్ని చుక్కలు పనికొస్తాయి, కానీ దాన్ని అలవాటు చేసుకోకూడదు. నూనె వేడిగా ఉంటే చర్మం కాలుతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే మధ్యచెవిలోకి దిగుతుంది. వానాకాలపు తేమలో ఫంగస్ చేరిన చెవిలోకి చూస్తే, తడిసిన కాగితం ముద్ద మీద నల్లని చుక్కలు చల్లినట్టు కనిపిస్తుంది. చీము, నొప్పి ఉన్నవారు, మునుపు చెవి ఆపరేషన్ అయినవారు ఏ చుక్కలూ సొంతంగా వేసుకోకూడదు. మధుమేహం ఉన్నవారికి చెవినొప్పి వస్తే వెంటనే చూపించుకోవాలి; ప్రైవేటులో ఖర్చవుతుందనుకుంటే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది.

అపోహ: చెవులు కుట్టించాక పసుపు, నూనె రాసి, దిద్దును రోజూ తిప్పాలి.

వాస్తవం: వంటింటి పసుపు క్రిమిరహితం కాదు, పైగా నూనెతో కలిసి పుండు మీద పేరుకుపోతుంది. దిద్దును తిప్పితే ఆరుతున్న పుండు మళ్లీ రేగుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్త చర్మాన్ని దెబ్బతీస్తాయి. చేతులు కడుక్కుని, మందుల షాపులో దొరికే 0.9 శాతం సెలైన్‌తో రోజుకు రెండుసార్లు మెల్లగా తుడిస్తే సరిపోతుంది. తమ్మె మానడానికి 6 నుంచి 8 వారాలు, పైచెవి మృదులాస్థికి 6 నుంచి 12 నెలలు పడుతుంది. మృదులాస్థికి సొంత రక్తనాళాలుండవు. దాన్ని కప్పి ఉన్న పొరే పోషణ అందిస్తుంది. ఆ పొర కింద చీము పడితే మృదులాస్థి చచ్చి, చెవి ముడుచుకుపోయి, ఆకారం శాశ్వతంగా చెడుతుంది. కనుక పైచెవి ఎర్రబడి వాచినప్పుడు ఇంటి వైద్యంతో ఒక్క రోజు కూడా గడపవద్దు. గిల్టు దిద్దులు పెట్టుకున్నప్పుడే దురద, రసి వస్తుంటే మాత్రం అది చాలావరకు నికెల్ పడకపోవడమే.

అపోహ: ఇయర్‌ఫోన్లను చొక్కాకు తుడిస్తే శుభ్రమైనట్టే.

వాస్తవం: సిలికాన్ టిప్పులు ఊడదీసి సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి తొడగాలి. జాలీని కిందికి వంచి పొడి మెత్తని బ్రష్‌తో దులపాలి, నీళ్లు తగలనివ్వకూడదు. ఒకవైపు ధ్వని తగ్గిందనిపిస్తే కుడి ఎడమలు మార్చి పెట్టుకుని చూడండి: లోపం ఇయర్‌ఫోన్‌తో పాటు అటు మారితే జాలీలో గులిమి చేరి ఉండవచ్చు, అదే చెవిలో ఉండిపోతే చెవిని చూపించుకోవాలి. ఉన్నట్టుండి వినికిడి తగ్గితే గులిమేలెమ్మని ఊరుకోక అదే రోజు వెళ్లాలి, ఎందుకంటే నరానికి సంబంధించిన లోపమైతే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఫలితం ఉంటుంది.