డీఎన్ఏని పట్టి ఉంచేది హైడ్రోజన్ బంధాలేనా? అపోహలు - వాస్తవాలు

పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకి బోలెడు నకళ్లు తీసే పద్ధతి) నేర్చుకోవడానికి ల్యాబ్‌కి వచ్చే ఎమ్మెస్సీ పిల్లల్ని "డీఎన్ఏ రెండు పోగుల్నీ కలిపి ఉంచేదేంటి?" అని అడిగితే, దాదాపు అందరూ హైడ్రోజన్ బంధాలనే చెబుతారు. ఇంటర్ నుంచీ చదివింది అదే కాబట్టి వాళ్లని తప్పుపట్టలేం. కానీ అది సగం నిజమే.

అపోహ: డీఎన్ఏ బలమంతా హైడ్రోజన్ బంధాలదే.

వాస్తవం: పోగులు విడిపోతే వాటిలోని క్షారాలు (ఏ, టీ, జీ, సీ అనే డీఎన్ఏ అక్షరాలు) ఒంటరిగా ఉండిపోవు. చుట్టూ ఉన్న నీటితో వెంటనే హైడ్రోజన్ బంధాలు కట్టుకుంటాయి. అక్కడ పోయింది ఇక్కడ దొరుకుతుంది కాబట్టి, జతకట్టడం వల్ల మిగిలే లాభం చాలా తక్కువ. అసలు బలం స్టాకింగ్‌ది. బల్లపరుపుగా ఉండే క్షారాలు సుమారు 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంతో అట్ల దొంతరలా పేర్చుకుని ఉంటాయి. వాటి మధ్య వాండర్‌వాల్స్ ఆకర్షణ, నీటికి దూరంగా ఉండే గుణం రెండూ కలిసి నిచ్చెనను నిలబెడతాయి. శాస్త్రవేత్త ఫ్రాంక్-కామెనెట్‌స్కీ బృందం 2006లో జతకట్టడాన్నీ స్టాకింగ్‌నీ విడివిడిగా కొలిచింది. అడెనిన్-థైమిన్ జతకట్టడం స్థిరత్వాన్ని తగ్గిస్తోందని, గ్వానిన్-సైటోసిన్ జత వల్ల కలిసొచ్చేది దాదాపు ఏమీ లేదని తేలింది.

మరి హైడ్రోజన్ బంధాలెందుకు? సరైన జతను ఎంచుకోవడానికి. తప్పు క్షారం ఎదురుగా వస్తే నీటితో ఉన్న బంధాలు పోతాయి, కొత్తవి సరిగ్గా కుదరవు. నా దృష్టిలో ఇది బలం కన్నా గొప్ప పని. వారసత్వమంతా దీనిమీదే నడుస్తోంది.

అపోహ: టీఎమ్ (సగం డీఎన్ఏ పోగులు విడిపోయే ఉష్ణోగ్రత) కావాలంటే జీసీ (గ్వానిన్-సైటోసిన్) శాతం చూస్తే చాలు.

వాస్తవం: అవే అక్షరాల వరుస మార్చి చూడండి, టీఎమ్ మారిపోతుంది. పక్కపక్కన ఏ జతలున్నాయన్నది ముఖ్యం. ఒక్కో ఏటీ జతకి 2, జీసీ జతకి 4 డిగ్రీలు వేసే లెక్క పొట్టి ప్రైమర్లకి (పీసీఆర్‌లో నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలకి) ఉజ్జాయింపుగా పనికొస్తుంది, అంతే. పొరుగు జతల్ని లెక్కలోకి తీసుకునే కాలిక్యులేటర్ వాడండి.

అపోహ: పీసీఆర్‌లో వేడిచేసే 95 డిగ్రీల దగ్గర డీఎన్ఏ ముక్కలైపోతుంది.

వాస్తవం: పోగులు విడిపోతాయంతే. వెన్నెముకలోని ఫాస్ఫోడైఎస్టర్ బంధాలు గట్టివి, ఆ కొద్ది సెకన్లకి తెగవు. మరీ ఎక్కువసేపు ఉంచితే మాత్రం దెబ్బతింటుంది.

అపోహ: స్వచ్ఛమైన నీటిలో డీఎన్ఏ భద్రంగా ఉంటుంది.

వాస్తవం: ఫాస్ఫేట్ల రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. సోడియం, మెగ్నీషియం అయాన్లు ఆ తోపులాటను తగ్గిస్తాయి. లవణం తగ్గితే టీఎమ్ కూడా పడిపోతుంది. పైగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి నీరు కాస్త ఆమ్లంగా మారుతుంది, దాంతో ప్యూరిన్లు (అడెనిన్, గ్వానిన్) మెల్లగా ఊడిపోతాయి. ఎక్కువకాలం దాచాలంటే పీహెచ్ 8 టీఈ (ట్రిస్, ఈడీటీఏ కలిపిన) బఫర్ మంచిది. అందులోని ఈడీటీఏ, పీసీఆర్ ఎంజైమ్‌కి కావాల్సిన మెగ్నీషియాన్ని పట్టేస్తుంది కాబట్టి, పీసీఆర్‌కి వాడే కొద్ది భాగాన్ని మాత్రం ఉత్త ట్రిస్‌లో ఉంచుకోండి.