అమెరికా పుట్టుక: తేదీలు వేసి చూస్తే నిలవని అపోహలు

ఆంగ్లేయులు జేమ్స్‌టౌన్‌లో అడుగుపెట్టిన నాటి నుంచి తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ ప్రమాణ స్వీకారం దాకా 182 ఏళ్లు. పరీక్షల కోసం దీన్ని నాలుగు ముక్కల్లో బట్టీ పట్టేస్తారు: మతస్వేచ్ఛ కోసం వచ్చారు, పన్ను పెంచితే తిరగబడ్డారు, జూలై 4న సంతకాలు పెట్టారు, వెంటనే రాజ్యాంగం రాసుకున్నారు. నాలుగూ తప్పే, లేదా సగం తప్పు. ఈ పాఠం చెప్పే మేము ముందు చేయించే పని ఒకటే: ప్రతి మాట పక్కన తేదీ, అంకె రాయమంటాం.

అపోహ: మతస్వేచ్ఛ కోసం మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్లతో అమెరికా మొదలైంది

మేఫ్లవర్ వచ్చింది 1620లో. అప్పటికి 13 ఏళ్ల ముందే, 1607 మేలో, వర్జీనియాలో జేమ్స్‌టౌన్ వెలిసింది. దిగినవాళ్లు 104 మంది, ఒక్క ఆడమనిషి లేదు. పంపింది వర్జీనియా కంపెనీ, అంటే వాటాదారుల డబ్బుతో లాభం కోసం నడిచిన వ్యాపారం. దాని కోశాధికారి సర్ థామస్ స్మైత్. 1611లో మచిలీపట్నం రేవుకు గ్లోబ్ ఓడ వచ్చినప్పుడు ఈస్టిండియా కంపెనీ గవర్నరూ ఆయనే. రెండు తీరాలకూ లెక్కల పుస్తకం ఒకచోటే తెరుచుకుందన్నమాట.

అది ఖాళీ నేలా కాదు. పౌహాటన్ అనే స్థానిక నాయకుడి ఏలుబడిలోని తెగలు అక్కడ పంటలు పండించుకుంటున్నాయి. వచ్చినవాళ్లు ఎంచుకున్నది చిత్తడి చోటు, ఏటి పోటుకు ఉప్పబారే నీళ్లు, పైగా కరవు కాలం. 1609–10 చలికాలం గడిచేసరికి కోటలో మిగిలింది 60 మంది చిల్లర. నిలబెట్టింది పొగాకు. జాన్ రాల్ఫ్ 1612 ప్రాంతంలో దాన్ని సాగులోకి తెచ్చాడు. 1619లో ప్రతినిధుల సభ మొదటిసారి కూర్చుంది. నెల తిరగగానే బందీలుగా తెచ్చిన ఆఫ్రికన్లు 20 మందికి పైగా అదే వర్జీనియాలో దిగారు. ఒకే ఏడాది, రెండు పునాదులు.

మేఫ్లవర్ ప్రయాణికులు 102 మంది. వాళ్లలోనూ మతం కోసం బయల్దేరినవాళ్లు సగానికి తక్కువే.

ఇక్కడే తేదీల చిక్కు. 1752 దాకా ఇంగ్లండు, దాని కాలనీలు పాత జూలియన్ క్యాలెండరే వాడాయి, కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 17వ శతాబ్దపు తేదీకి 10 రోజులు, 1700 మార్చి తర్వాతి తేదీకి 11 రోజులు కలపాలి. జనవరి 1 నుంచి మార్చి 24 లోపు తేదీ అయితే సంవత్సరం ఒకటి పెంచాలి. 1731 ఫిబ్రవరి 11న పుట్టిన వాషింగ్టన్‌కు 1732 ఫిబ్రవరి 22న పుట్టినరోజు అలా వచ్చింది. మేఫ్లవర్ వాళ్లు స్థిరపడిన ప్లిమత్‌లో తొలి అడుగు 1620 డిసెంబరు 11. పది కలపాల్సిన చోట పదకొండు కలిపి, 21 బదులు 22న ఉత్సవం చేసుకోవడం ప్లిమత్ వాళ్లే మొదలుపెట్టారు. కాబట్టి మన పిల్లల్ని మరీ తిట్టక్కర్లేదు.

అపోహ: తేయాకు మీద పన్ను పెంచారు, ధర మండిపోయింది, బోస్టన్‌లో సముద్రంలో పారేశారు

దీనికి మన దగ్గర ఓ తోక కూడా తగిలిస్తారు, అది ఇండియా తేయాకని. అస్సాం తేయాకు వ్యాపారం 1830ల నాటి మాట. బోస్టన్‌లో పడింది చైనా సరుకు, కాంటన్ నుంచి లండన్ మీదుగా వచ్చింది.

ధర పెరగలేదు, తగ్గింది. 1773 తేయాకు చట్టం కొత్త పన్ను వేయలేదు. పౌండుకు 3 పెన్సుల సుంకం 1767 నుంచే ఉంది, అదే కొనసాగింది. మారినవి రెండు. కాలనీలకు తిరిగి ఎగుమతయ్యే తేయాకు మీద బ్రిటన్‌లో పడే సుంకాన్ని వదిలేశారు. లండన్ వేలంపాట అక్కర్లేకుండా, సొంత ఏజెంట్ల ద్వారా నేరుగా అమ్ముకునే వీలు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చారు. దాంతో దొంగచాటుగా వచ్చే డచ్చి సరుకు కన్నా కంపెనీ తేయాకే చవకయ్యే పరిస్థితి వచ్చింది.

మరి కోపమెందుకు? చవకని కొంటే, తమ ప్రతినిధి లేని పార్లమెంటు వేసిన సుంకానికి ఒప్పుకున్నట్టే. ఆ సొమ్ముతో గవర్నర్లకూ జడ్జీలకూ జీతాలిస్తే, ఇక వాళ్లు స్థానిక సభల మాట వినరు. స్థానిక వర్తకులకూ, దొంగసరుకు తెచ్చేవాళ్లకూ కడుపు మీద దెబ్బ. ఈ చివరిదాన్ని పాఠ్యపుస్తకాలు మర్యాదగా దాటేస్తాయి.

తేయాకు పారేసింది 1773 డిసెంబరు 16 రాత్రే ఎందుకంటే, రేవుకొచ్చిన ఓడ 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్లు సరుకు జప్తు చేస్తారు. డార్ట్‌మత్ ఓడకు గడువు డిసెంబరు 17. అందుకే 16 రాత్రి మూడు ఓడల్లోని 342 పెట్టెలు నీళ్లపాలయ్యాయి.

అంతకుముందు స్టాంపు పన్ను వంటివాటికి మూలం ఏడేళ్ల యుద్ధం మిగిల్చిన అప్పు. 1758లో చందుర్తి దగ్గర, 1759లో మచిలీపట్నంలో ఆంగ్లేయులు ఫ్రెంచివాళ్లను ఓడించింది ఆ యుద్ధంలోనే.

అపోహ: 1776 జూలై 4న అందరూ సంతకాలు పెట్టారు

స్వాతంత్ర్య తీర్మానానికి ఓటేసింది జూలై 2న, 12 కాలనీలు. న్యూయార్క్ ఓటు వేయలేదు. 4న ఆమోదించింది ప్రకటన పాఠాన్ని. ఎక్కువమంది సంతకాలు ఆగస్టు 2న పడ్డాయి, మొత్తం 56. యుద్ధమైతే 1775 ఏప్రిల్ 19నే మొదలైంది.

అపోహ: యార్క్‌టౌన్‌తో యుద్ధం ముగిసింది

1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సైన్యం లొంగిపోయింది. ఫ్రెంచి నౌకాదళం సముద్రదారి మూయకపోతే అది జరిగేది కాదు. ఫ్రెంచి, ఆంగ్ల నౌకలు 1783 జూన్‌లో కూడా మన కడలూరు దగ్గర కొట్టుకున్నాయి. జనవరిలోనే ప్రాథమిక ఒప్పందం కుదిరిన కబురు అప్పటికింకా చేరలేదు. ఓడిన కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికొచ్చాడు. ఆయన 1793లో బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే 1802లో ఉత్తర సర్కారులకూ వచ్చింది.

అపోహ: స్వాతంత్ర్యం రాగానే రాజ్యాంగం రాసుకున్నారు

మధ్యలో ఇంకో ఏర్పాటు ఉంది, 1781 మార్చి 1 నుంచి నడిచిన సమాఖ్య నిబంధనలు. రాష్ట్రానికి ఒక ఓటు, ముఖ్య విషయాలకు 13లో 9 ఓట్లు, సవరణకు పదమూడూ ఒప్పుకోవాలి. పన్ను వేసే అధికారం కేంద్రానికి లేదు, రాష్ట్రాలను అడగాల్సిందే. దిగుమతి సుంకం వేద్దామంటే 1782లో రోడ్ ఐలండ్ ఒక్కటే అడ్డుపడింది, ప్రతిపాదన మూలపడింది. యుద్ధపు అప్పులు తీరలేదు. 1786లో మసాచుసెట్స్‌లో అప్పుల పాలైన రైతులు కోర్టులను మూయించారు.

1787లో ఫిలడెల్ఫియాలో సభ కూర్చుంది ఆ నిబంధనలను సవరించడానికి. కొత్త రాజ్యాంగం రాసుకుని లేచారు. వచ్చినవాళ్లు 55 మంది, సంతకం పెట్టింది 39 మంది. పాత నిబంధన ప్రకారం 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి, వీళ్లు 9 చాలన్నారు. తొమ్మిదోది న్యూ హాంప్‌షైర్, 1788 జూన్ 21న. వాషింగ్టన్ 1789 ఏప్రిల్ 30న ప్రమాణం చేసేనాటికి నార్త్ కరోలినా, రోడ్ ఐలండ్ ఇంకా బయటే ఉన్నాయి.

అపోహ: రాజ్యాంగం బానిసకు అయిదింట మూడు వంతుల ఓటిచ్చింది

ఓటు అసలే లేదు. బానిసను జనాభాలో అయిదింట మూడు వంతులుగా లెక్కించింది దిగువసభలో రాష్ట్రాలకు సీట్లు పంచడానికి. బానిసలను పూర్తిగా లెక్కించమన్నది యజమానుల రాష్ట్రాలే, తమ సీట్లు పెరుగుతాయి కాబట్టి. 1790 జనగణనలో 39 లక్షల జనాభాలో దాదాపు 7 లక్షల మంది బానిసలు. అదే ఏడాది వచ్చిన మొదటి పౌరసత్వ చట్టం, రెండేళ్లు నివసించిన 'స్వేచ్ఛగల శ్వేత జాతీయుల'కే తలుపు తెరిచింది. 1870లో ఆఫ్రికా సంతతికి ఆ తలుపు తెరుచుకున్నా, భారతీయులకు 1946 దాకా తెరుచుకోలేదు. అప్పుడు కూడా భారత్ నుంచి ఏడాదికి వలస కోటా 100 మంది.