మడ్ ట్యాక్స్ గొడవకి వేరు కింగ్‌వుడ్‌లో ఉంది

డాలస్‌కి ఈశాన్యాన ఉన్న ప్రిన్స్‌టన్ నగరం 2024 సెప్టెంబరులో కొత్త ఇళ్ల అనుమతులను 120 రోజులపాటు ఆపేసింది. నీళ్లు, రోడ్లు, పోలీసులు ఏవీ చాలడం లేదంది. ఆ గడువునీ తర్వాత పొడిగించింది. 2025లో సెన్సస్ లెక్కలొచ్చాయి. 20 వేల జనాభా దాటిన నగరాల్లో దేశంలోకెల్లా వేగంగా పెరిగింది ప్రిన్స్‌టనేనట, ఒక్క ఏడాదిలో 30 శాతం పైన. దాంతో ఉత్తర టెక్సస్‌లో పాత మడ్ గొడవ మళ్లీ లేచింది.

మడ్ అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్, నీళ్లు, డ్రైనేజీ కోసం పెట్టే ప్రత్యేక సంస్థ అని టెక్సస్‌లో సెలీనాలోనో కేటీలోనో ఇల్లు కొన్న మనవాళ్లకి చెప్పక్కర్లేదు. ఊరి బయట డెవలపర్ ముందుగా పెట్టిన నీటి పైపుల, డ్రైనేజీ ఖర్చుని బాండ్లు అమ్మి తీర్చేస్తారు. ఆ బాండ్ల అప్పుని ఇళ్లు కొన్నవాళ్లు పాతికేళ్ల దాకా పన్నుగా కడతారు. 1971 నుంచి చట్టంలో ఉన్న పద్ధతే ఇది. ఇలాంటి డిస్ట్రిక్టులు రాష్ట్రంలో వెయ్యికి పైగా ఉన్నాయి.

లెక్క ఒక్కటి చూద్దాం. మడ్ రేటు వంద డాలర్లకి 80 సెంట్లు అనుకుంటే, 5 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 4,000. స్కూలు పన్ను, కౌంటీ పన్ను, హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) రుసుము దీనికి అదనం. జనవరి 1 నాటికి ఇల్లు కట్టడం మొదలవకపోతే ఆ ఏడు ఖాళీ స్థలం మీదే పన్ను పడుతుంది కాబట్టి మొదటి బిల్లు చూసి ‘ఇంతేనా’ అనుకుంటాం. అసలు బిల్లు రెండో ఏడు వస్తుంది, వెంటనే బ్యాంకు నుంచి ఎస్క్రో షార్టేజ్ ఉత్తరం, అంటే పన్ను కోసం కిస్తీతో పాటు తీసుకుని పక్కన పెట్టిన డబ్బు చాలలేదని. నెల కిస్తీ ఒక్కసారిగా నాలుగైదు వందలు పెరిగిందని టెన్షన్ పడని ఇల్లు ఆ వీధిలో ఉండదు.

ఇక్కడిదాకా అందరూ తిట్టేది డెవలపర్లనే. నా లెక్కలో కథ మలుపు తిరిగింది వేరేచోట.

మడ్‌కి మొదట్నుంచీ ఒక ముగింపు ఉండేది. 1963 చట్టం ప్రకారం ప్రతి నగరానికీ సరిహద్దు అవతల కొంత మేర ‘ఈటీజే’ ఉంటుంది. మన భాషలో పొలిమేర అనుకోండి. జనాభాని బట్టి అర మైలు నుంచి అయిదు మైళ్ల దాకా. ఆ పొలిమేరలో మడ్ పెట్టాలంటే ముందు నగరం ఒప్పుకోవాలి. ఒప్పుకునేటప్పుడే రోడ్డు ఇంత వెడల్పు ఉండాలి, పైపు ఇంత లావు ఉండాలి అని షరతులు పెట్టేవారు. ఎందుకంటే ఏదో ఒకనాడు ఆ కాలనీని నగరం తనలో కలుపుకుంటుంది, మడ్ రద్దవుతుంది, మిగిలిన అప్పు నగరం నెత్తికెత్తుకుంటుంది. అంటే మడ్ పన్ను తాత్కాలికం. కనీసం లెక్క అది.

ఆ లెక్క తప్పింది కింగ్‌వుడ్‌లో. హ్యూస్టన్‌కి ఈశాన్యంగా చెట్ల మధ్య కట్టిన పెద్ద కాలనీ అది, దాదాపు 50 వేలమంది ఉండేవారు. బాబ్ లేనియర్ మేయర్‌గా ఉండగా 1996లో హ్యూస్టన్ దాన్ని కలిపేసుకుంది. అక్కడివాళ్లకి ఓటు లేదు. కోర్టుకెళ్లినా ఆగలేదు. (2007లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేసినప్పుడు ఎల్బీనగర్, కూకట్‌పల్లి జనాన్ని కూడా ఎవరూ అడగలేదు. కానీ అక్కడ ఆ కోపం ఇన్నేళ్లు నిలవలేదు.) కింగ్‌వుడ్ వాళ్ల వాదన చిన్నది: మమ్మల్ని అడక్కుండా మా పన్ను ఎలా తీసుకుంటారు?

నగరం వైపు మాట కొంచెం పొడుగు. పొద్దున్నే లక్షల కార్లు మా రోడ్ల మీదే వస్తాయి, మా పార్కులు వాడతాయి, సాయంత్రం మా పన్ను లేని చోటికి వెళ్లి పడుకుంటాయి. బయట పెరిగిన ఆస్తి విలువ నగరానికి చేరకపోతే పాత పేటల్లో ఉన్న బీదవాళ్లే మొత్తం మోయాలి. ఈ మాటకి జవాబు నేను ఇంతవరకూ సరిగ్గా వినలేదు.

జవాబు లేకపోయినా గెలిచింది మాత్రం కింగ్‌వుడ్ కోపమే. 1999లో శాసనసభ విలీనాలకి మూడేళ్ల ముందస్తు ప్రణాళిక తప్పనిసరి చేసింది. హ్యూస్టన్ ఆ తర్వాత అలాంటి పెద్ద విలీనం జోలికి పోలేదు. మడ్‌లతో ఒప్పందాలు రాసుకుని, అక్కడి దుకాణాల సేల్స్ ట్యాక్స్‌లో సగం తను తీసుకుని, ఇళ్లని బయటే వదిలేసింది. ఇద్దరికీ లాభమే కాబట్టి ఎవరూ అరవలేదు.

2017 మే నెలలో విలీనానికి ఓటింగ్ పెట్టాలన్న బిల్లుని శాన్ ఆంటోనియో సెనేటర్ హోసే మెనెండెజ్ గంటలకొద్దీ మాట్లాడి చంపేశారు. అదే వేసవి ప్రత్యేక సమావేశంలో సెనేట్ బిల్లు 6గా అది మళ్లీ వచ్చి చట్టమైంది. పెద్ద కౌంటీల్లో జనం ఓటేస్తేనే విలీనం. దిగువ సభలో దాన్ని నడిపించిన డాన్ హ్యూబర్టీది కింగ్‌వుడ్ ఉన్న నియోజకవర్గమే. 2019లో హౌస్ బిల్లు 347 దాన్ని రాష్ట్రమంతా వర్తింపజేసింది.

ఇక ఎవరు ఓటేస్తారు? మడ్ పన్నుకి తోడు నగరం పన్నూ వస్తుందేమోనని భయపడే ఇంటాయన అయితే వెయ్యడు. ఆయన్ని తప్పుపట్టలేం కూడా. కానీ దాంతో మడ్‌కి ముగింపు పోయింది.

మిగిలిన తలుపు 2023లో తెరుచుకుంది. సెనేట్ బిల్లు 2038 ప్రకారం, భూమి యజమాని ఒక పిటిషన్ పెట్టి నగరం పొలిమేర నుంచే బయటికి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోతే మడ్‌కి నగరం అనుమతితో పని లేదు, షరతులూ లేవు. కౌంటీకి జోనింగ్ అధికారం, అంటే ఎక్కడ ఏం కట్టాలో చెప్పే అధికారం, అసలే లేదు. ప్రిన్స్‌టన్ లాంటి ఊరు తన హద్దుల్లో ఇళ్లు ఆపుకోగలదు. పొలిమేర దాటేసిన పొలంలో అవే ఇళ్లు లేస్తుంటే, అక్కడి కార్లు తన రోడ్డెక్కుతుంటే చూస్తూ ఉండాలి. కొన్ని నగరాలు ఈ చట్టం మీద కోర్టుకెక్కింది అందుకే.

మడ్ లేకపోతే ఇళ్లు ఇంకా ఖరీదవుతాయని డెవలపర్లు అంటారు. కొంత నిజమే. అయితే ఆ అప్పుకి ఒప్పుకున్నదెవరు? బాండ్లకి ఎన్నిక జరిగే నాటికి అక్కడ ఉండేది ఉత్త పొలం. అందులో ఓ మొబైల్ హోమ్ పెట్టి, ఇద్దరు ముగ్గుర్ని దింపి, వాళ్ల ఓట్లతో కోట్ల డాలర్ల బాండ్లు పాస్ చేయించుకున్న సంగతి డెంటన్ కౌంటీలో పాతికేళ్ల కిందటే డాలస్ పత్రికకెక్కింది. మడ్‌ని నడిపే బోర్డులో కూర్చునేవాళ్ల పేరున చిన్న చిన్న స్థలాలు రాసిస్తారు, భూమి ఉంటే బోర్డు సభ్యుడు కావచ్చు కాబట్టి. కింగ్‌వుడ్ వాళ్లకి దక్కలేదన్న ఓటు, ఇక్కడ కొత్తగా కొన్నవాళ్లకీ దక్కలేదు. దీనికి మాత్రం ప్రత్యేక సమావేశం ఎవరూ పెట్టలేదు.

ఇల్లు కొనేటప్పుడు సంతకం పెట్టే కాగితాల కట్టలో మడ్ నోటీసు ఒకటుంటుంది. పన్ను రేటు, బాండ్ల మొత్తం అందులోనే ఉంటాయి. పొలిమేరలో ఉన్న మడ్‌ల నోటీసులో చాలా ఏళ్లు ఇంకో వాక్యం కూడా ఉండేది: నగరం కలుపుకుంటే డిస్ట్రిక్ట్ రద్దవుతుందని. అది చదివి, కొన్నేళ్లు ఓర్చుకుంటే చాలనుకుని సంతకం పెట్టినవాళ్లు ఈ జనవరి 31లోపు కూడా మడ్ ట్యాక్స్ కట్టాలి.