పగడాల పార్సిల్: అపోహలు, వాస్తవాలు

డాలస్ దగ్గర మా గ్యారేజీలో మూడు ఉప్పునీటి తొట్లున్నాయి. వాటిలో పగడాలు పెంచి, చిన్న ముక్కలుగా కోసి, ఇంట్లో ఆక్వేరియం పెట్టుకున్నవాళ్లకి రాత్రికి రాత్రి కొరియర్‌లో పంపిస్తుంటాను. ఈ ముక్కల్నే ఫ్రాగ్స్ అంటాం, ఫ్రాగ్మెంట్స్‌కి పొట్టిపేరు. సంగతి చెప్పగానే మావాళ్లు అడిగేది ఒకటే: "కుజదోషానికి ఉంగరంలో పెట్టుకుంటారు, అదేనా?" కాదండీ. ఉంగరంలోది ఎర్రపగడం తాలూకు అస్థిపంజరం. నేను పంపేది ప్రాణమున్న జంతువు. దాని ఒంట్లో కంటికి కనపడని ఆల్గే కాపురముంటుంది, వెలుతురు ఉన్నంతసేపూ తిండిలో చాలా భాగం అదే పెడుతుంది.

అపోహ: చీకటి పెట్టెలో ఒక రోజు ఉంటే చచ్చిపోతాయి.

సముద్రంలో మాత్రం రాత్రి అవదా? ఒక రోజు చీకటి వాటికి లెక్కే కాదు. కాకపోతే చీకట్లో ఆల్గే ఆక్సిజన్ తయారు చెయ్యదు, పగడం మాత్రం పీలుస్తూనే ఉంటుంది. అందుకే సంచిలో మూడో వంతు నీళ్లు పోసి, మిగతాదంతా గాలి ఉంచుతాను. మర్నాడు పొద్దున్న చేరేదానికి మామూలు గాలి చాలు. ఇండోనేషియా నుంచి విమానాలు మారుతూ వచ్చే సరుకైతే ఆక్సిజన్ నింపుతారు.

అపోహ: నీళ్లు ఎంత ఎక్కువ పోస్తే అంత క్షేమం.

బరువు పెరుగుతుంది, కుదుపుకి ముక్క గోడలకి కొట్టుకుంటుంది, అంతే. టార్చ్ కోరల్ లాంటివాటికి పొడుగాటి మెత్తని తంతువులుంటాయి. వాటికి వాటి ఎముక అంచే కత్తిలా తగులుతుంది. అందుకని థర్మోకోల్ ముక్కకి తలకిందులుగా కట్టి నీళ్లలో తేలనిస్తాను. అక్రోపోరా లాంటి గట్టి పగడాల్ని తడిపిన ప్లాస్టిక్ పీలికల్లో చుట్టి, దాదాపు నీళ్లే లేకుండా పంపేవాళ్లూ ఉన్నారు. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి పోతే బయటపడి ఎండకి ఓర్చుకునే జాతులు మరి.

అపోహ: రొయ్య సీడ్‌లా చల్లబరిచి పంపితే సరి.

ఇది భీమవరంలో చెరువులు చేసే మా బాబాయి సలహా. "కాస్త ఐసు పెట్టరా, హాయిగా నిద్రపోతాయి" అంటాడు. సీడ్ విషయంలో ఆయన మాట అక్షరాలా నిజం. హేచరీలో నీళ్లు చల్లబరిచి ఆక్సిజన్ సంచుల్లో కడితే పిల్లలు మందగించి దారిపొడుగునా తక్కువ పీలుస్తాయి. పగడానికి ఆ లెక్క చెల్లదు. దానికి 24 నుంచి 26 డిగ్రీలు కావాలి. 20 కిందికి జారితే టెన్షన్ మొదలు.

అలాగని వేడి చేసేద్దామనుకుంటే అదో కథ. మొదటి జనవరిలో మిన్నెసోటాకి ఐదు ముక్కలు పంపుతూ హీట్ ప్యాక్‌ని సంచులకి ఆనించి పెట్టాను. పెట్టె తెరిచినాయన ఫోటో పంపాడు. ప్యాక్ పక్కనున్న రెండు సంచుల్లో నీళ్లు విరిగిన పాలలా ఉన్నాయి, ముక్కల మీద కండ జారిపోయి తెల్లటి ఎముక మిగిలింది. అవతలి మూలన ఉన్న మూడూ నిక్షేపంగా ఉన్నాయి. వాసన గురించి ఆయన రాసింది ఇక్కడ రాయను. డబ్బు వెనక్కి ఇచ్చేశాను.

ఇప్పుడు ప్యాక్‌ని న్యూస్‌పేపర్‌లో చుట్టి మూతకి లోపలివైపు అంటిస్తాను. దాన్లో ఉండేది ఇనుప పొడి, గాలి తగిలితేనే వేడెక్కుతుంది. పెట్టెని గాలి చొరకుండా టేపుతో బిగించేస్తే ప్యాక్ ఊపిరాడక ఆరిపోతుంది. అందుకే ఒక చిన్న కన్నం వదులుతాను. ఆగస్టులో మా ఊళ్లో 40 డిగ్రీలు కాస్తుంది, అప్పుడు గడపదాకా డెలివరీ వద్దని, కొరియర్ ఆఫీసులో ఆపించుకుని వెళ్లి తెచ్చుకోమని బతిమాలతాను. విమానం కంటే ఆఖరి నాలుగు గంటల వ్యానే ఎక్కువ ముక్కల్ని చంపుతుంది. శుక్రవారం మాత్రం ఏం చెప్పినా పంపను. ఒక్క రోజు ఆలస్యమైతే సోమవారం దాకా గోదాములో పడుంటుంది.

అపోహ: వచ్చాక గంటసేపు చుక్కచుక్కగా మన నీళ్లు కలపాలి.

చేపలు పెంచినవాళ్ల దగ్గర నేర్చిన అలవాటిది. ప్రయాణంలో సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది, అంటే నీళ్లకి ఆమ్లగుణం పెరుగుతుంది. అందుకే ఉన్న కాస్త అమ్మోనియా కూడా విషం తక్కువున్న రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు ఎగిరిపోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియాకి కోరలొస్తాయి. ఆ నీళ్లలోనే గంట కూర్చోబెట్టి, పైగా ఏసీ గదిలో చల్లారనిస్తే ఎవరికి లాభం? మూసిన సంచినే పావుగంట, ఇరవై నిమిషాలు తొట్లో తేలనివ్వండి. తర్వాత డిప్ చేసి, అంటే పురుగుల్ని చంపే మందు కలిపిన నీళ్లలో కాసేపు ముంచి, తక్కువ వెలుతురులో పెట్టండి. సంచిలో నీళ్లు పారబోయండి. పగడాలకి చుట్టాలైన జోయాంథిడ్స్ అనే మెత్తటి జీవులు ఉంటే చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది.

అపోహ: డిప్ చేస్తే పురుగులన్నీ పోతాయి.

పెద్దవి పోతాయి. గుడ్లకి ఏమీ కాదు. ముక్క అంటించిన ప్లగ్గు తీసేసి కొత్తది పెట్టండి, ఎముక మొదట్లో భూతద్దంతో చూడండి.

అపోహ: అన్నీ సముద్రంలో విరగ్గొట్టినవే.

ఒకప్పుడు చాలామటుకు అంతే, ఇప్పటికీ కొన్ని అంతే. బాలి తీరంలో సిమెంటు దిమ్మెల మీద చిన్న ముక్కలు అంటించి, సముద్రంలోనే బల్లల మీద పెంచి ఎగుమతి చేస్తారు. ఇండోనేషియా 2018లో పగడాల ఎగుమతి ఆపేసి, 2020లో పెంచినవాటికి మళ్లీ తలుపు తెరిచింది.

అపోహ: ఒక ముక్కేగా, ఇండియాకి సూట్‌కేసులో పట్టుకెళ్లొచ్చు.

పండక్కి వెళ్లే ముందు ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. గట్టి పగడాలన్నీ అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. పర్మిట్ కాగితాలు లేకుండా ఈ దేశం దాటించడమే నేరం. ఇక మన దగ్గర 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో పాటు. ప్రాణం లేని ఎముక ముక్కకైనా ఇదే వర్తిస్తుంది. బీచ్ దగ్గర ఎవరైనా తెల్లగా కడిగి అమ్ముతుంటే అది కూడా కొనకండి.