జీపీఎస్ గుర్తు కనబడితే సరిపోదు: కెమెరా జియోట్యాగింగ్‌పై అపోహలు - వాస్తవాలు

"సైటు ఫొటోలన్నీ మ్యాపులో లాడ్జి మీదే పడ్డాయండీ, కెమెరా పాడైందా?"

ఫీల్డు ఫొటోలతో పనిచేసేవాళ్లకి ఈ ప్రశ్న కొత్త కాదు. శాసనాల ఫొటోలు తీసేవాళ్లు, పక్షుల్ని గమనించేవాళ్లు, బీమా సర్వేయర్లు, రోడ్డు పనులు చూసే ఇంజినీర్లు... ఇవాళ కాకపోతే రేపు అందరూ అడిగేదే. కెమెరా పాడవలేదు. ఫొటో తీసిన చోటుని ఫైలులోనే రాసే సదుపాయం (జియోట్యాగింగ్) కోసం జీపీఎస్ ఆన్‌లోనే ఉంది, తెర మీద గుర్తు కూడా ఉంది. ఆ గుర్తు ఏం చెబుతోందో ఎవరూ చెప్పకపోవడమే అసలు సమస్య. మిగతా అపోహల వల్ల కాస్త చికాకు, కాస్త బ్యాటరీ పోతాయి. దీనివల్ల మాత్రం రోజంతా పడ్డ శ్రమ పోతుంది. అందుకే ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: జీపీఎస్ ఆన్ చేశాం కాబట్టి ప్రతి ఫొటోకీ సరైన లొకేషన్ పడుతుంది

మెనూలో ఆన్ చేస్తే రిసీవర్ ఉపగ్రహాల సిగ్నల్ కోసం వెతకడం మొదలుపెడుతుంది, అంతే. దొరికిందా లేదా అన్నది వేరే సంగతి. కెనాన్ 6డి పైనున్న చిన్న ఎల్‌సీడీలో జీపీఎస్ అక్షరాలు ఆరుతూ వెలుగుతుంటే ఇంకా వెతుకుతోందని, నిలకడగా ఉంటే లాక్ అయిందని, అంటే లొకేషన్ దొరికిందని అర్థం. నికాన్ డీ5300లోనూ ఉపగ్రహం గుర్తు మిణుకుమంటోందంటే లాక్ కాలేదనే. ఎండలో తెర సరిగా కనబడదు, గుర్తు ఉందని చూసి షట్టర్ నొక్కేస్తాం.

ఇంతసేపు ఎందుకు పడుతుందో తెలిస్తే సగం తొందర తగ్గుతుంది. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. వాటి సిగ్నల్ నేల మీదికొచ్చేసరికి చాలా బలహీనపడుతుంది. పైగా అది పంపే సమాచారం వేగం సెకనుకి 50 బిట్లే. ఒక ఉపగ్రహం తాను ఎక్కడుందో చెప్పే కక్ష్య వివరాలకే 18 సెకన్లు పడుతుంది, అవి 30 సెకన్లకోసారి మళ్లీ మొదలవుతాయి. మధ్యలో మీరు చెట్టు కిందికో స్లాబు కిందికో వెళ్తే ఆ ముక్క పోయినట్టే, మళ్లీ వంతు వచ్చేదాకా ఆగాలి. ఇలా కనీసం నాలుగు ఉపగ్రహాల వివరాలు చేతికి రావాలి. నడుస్తూ, మలుపులు తిరుగుతూ, కారు ఎక్కి దిగుతూ ఉంటే పది నిమిషాలైనా లాక్ కాకపోవడానికి కారణం ఇదే. బయటికొచ్చి, ఆకాశం బాగా కనిపించేచోట రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడితే అదే కెమెరా లాక్ అయిపోతుంది. ఈ కక్ష్య వివరాలు నాలుగు గంటల వరకే పనికొస్తాయి. కాబట్టి పొద్దున ఒకసారి లాక్ అయ్యింది కదా అని మధ్యాహ్నం భోజనం తర్వాత ధీమాగా ఉండకూడదు.

అసలు ప్రమాదం ఇంకా ముందుంది. లాక్ పోయినప్పుడు అన్ని కెమెరాలూ ఒకేలా ప్రవర్తించవు. కొన్ని లొకేషన్ గడిని ఖాళీగా వదిలేస్తాయి, అది మేలు. కొన్ని మాత్రం చివరిసారి దొరికిన చోటునే ఆ తర్వాతి ఫొటోలకీ రాసుకుంటూ పోతాయి. కొన్ని ప్యానసోనిక్ కాంపాక్టులు చివరి లాక్ అయి ఎంతసేపైందో గుర్తు పక్కనే చూపిస్తాయి గానీ, అన్నింట్లో ఆ సదుపాయం లేదు. బొర్రా గుహల బయట లాక్ అయి, లోపల గంటసేపు ఫొటోలు తీస్తే అన్నీ గుహ ముఖద్వారం దగ్గరే పడతాయి. దానికి పెద్ద నష్టం లేదు. అదే కారులో, రైల్లో అయితే పది ఇరవై కిలోమీటర్ల తేడా వస్తుంది. ఖాళీ గడి ఉంటే లొకేషన్ లేదని తెలుస్తుంది. తప్పు లొకేషన్ ఉంటే అది తప్పని ఎవరికీ తెలియదు, రిపోర్టులోకి అలాగే ఎక్కేస్తుంది.

దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. ప్లేబ్యాక్‌లో ఫొటో సమాచారం పేజీలు తిప్పుతూ పోతే అక్షాంశ రేఖాంశాల కింద యూటీసీ సమయం (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) ఉంటుంది. చాలా కెమెరాల్లో అది లొకేషన్ దొరికిన క్షణం. దానికి ఐదున్నర గంటలు కలపండి. ఫొటో తీసిన సమయం 11:42 అని, జీపీఎస్ యూటీసీ 05:31 అని ఉందనుకోండి. 05:31కి ఐదున్నర కలిపితే 11:01. అంటే ఆ లొకేషన్ 41 నిమిషాల కిందటిది. తేడా ఒక నిమిషం లోపుంటే నమ్మొచ్చు. రెండో ఆనవాలు ఇంకా తేలిక. పనిచేస్తున్న రిసీవర్ మీరు కదలకుండా నిలబడినా అంకెల్లో చివరివి అటూఇటూ మారుస్తూనే ఉంటుంది. వరసగా ఇరవై ఫొటోల్లో చివరి అంకెతో సహా ఒకే విలువ ఉంటే, ఆ ఇరవైకీ పాత లొకేషనే అంటుకుందని అనుమానించాల్సిందే.

తెల్లవారుజాము ఫొటోలు చూసి కంగారుపడేవాళ్లూ ఉంటారు. వైకుంఠ ఏకాదశి నాడు తెల్లవారి 4:15కి తీసిన ఫొటోలో జీపీఎస్ తేదీ ముందురోజుదిగా, సమయం 22:45గా కనిపిస్తుంది. అది తప్పు కాదు, యూటీసీ ప్రకారం అప్పటికింకా ముందురోజే. దాన్ని దిద్దబోయి పాడుచేయకండి.

ఇక తప్పు పడిపోయిన ఫొటోల సంగతి. వెనక్కి తెచ్చుకోవచ్చు, కాకపోతే ముందే ఒక పని చేసి ఉండాలి. ఫీల్డుకెళ్లేటప్పుడు ఫోన్లో ఏదైనా ట్రాక్ లాగర్ యాప్ ఆన్ చేసి, 5 నుంచి 10 సెకన్లకో బిందువు నమోదయ్యేలా పెట్టి, జేబులో వేసుకోండి. సాయంత్రానికి మీరు తిరిగిన దారంతా సమయంతో సహా ఉన్న జీపీఎక్స్ ఫైలు చేతిలో ఉంటుంది. లైట్‌రూమ్ క్లాసిక్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో మ్యాప్ మాడ్యూల్‌లో ఆ ట్రాక్‌ని లోడ్ చేసి, టైమ్ జోన్ తేడా చెప్పి, ఆటో ట్యాగ్ నొక్కితే చాలు. డబ్బు పెట్టకుండా కావాలంటే ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. రెండూ చేసేది ఒకటే, ఫొటో సమయాన్ని ట్రాక్ సమయంతో జతపరచడం. కాబట్టి కెమెరా గడియారం సెకన్లతో సహా సరిగ్గా ఉండాలి. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారులో గడియారం ఒక్క నిమిషం తప్పితే ఫొటో ఒక కిలోమీటరు అవతల పడుతుంది. అందుకే రోజు మొదట్లో ఫోన్లో సెకన్లు కనిపించే గడియారాన్ని కెమెరాతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత తేడా ఎంతో లెక్క కట్టి మొత్తాన్ని ఒకేసారి జరపొచ్చు. టైమ్ జోన్ కూడా చూసుకోవాలి. అమెరికా నుంచి సెలవులకి వచ్చినవాళ్ల కెమెరాలు తరచూ అక్కడి సమయంలోనే ఉండిపోతాయి. వేసవిలో షికాగో సమయానికీ మనకీ పదిన్నర గంటల తేడా.

ఇక్కడ ఒక జాగ్రత్త. ట్రాక్‌లో ఖాళీ వస్తే ఎగ్జిఫ్‌టూల్ మామూలుగా అరగంట వరకూ రెండు బిందువుల మధ్య సరళరేఖ గీసి పూరిస్తుంది. మైదానంలో పరవాలేదు. శ్రీశైలం ఘాట్ రోడ్డు లాంటిచోట ఆ గీత మలుపుల్ని వదిలేసి లోయ మీదుగా పోతుంది. ఘాట్లలో ఆ పరిమితిని (GeoMaxIntSecs), దానితో పాటు దగ్గరి బిందువునే తీసుకునే పరిమితిని (GeoMaxExtSecs) కూడా ఒకటి రెండు నిమిషాలకి తగ్గించండి. అప్పుడు దొరకని ఫొటోలు ఖాళీగా మిగులుతాయి, వాటిని చేత్తో పెట్టుకోవచ్చు.

అపోహ: కెమెరా ఆపేస్తే జీపీఎస్ కూడా ఆగిపోతుంది

రాత్రి నిండుగా చార్జ్ చేసిన బ్యాటరీ పొద్దున్నే ఖాళీ అయితే చాలామంది బ్యాటరీనే తిట్టుకుని కొత్తది కొంటారు. కొనేముందు మెనూ చూడండి. కెనాన్ 6డిలో జీపీఎస్ ఎనేబుల్ చేసి ఉంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా రిసీవర్ మధ్యమధ్యలో మేలుకుని సిగ్నల్ వెతుకుతూనే ఉంటుంది. 5డి మార్క్ 4, 6డి మార్క్ 2 మెనూల్లో మోడ్ 1, మోడ్ 2 అని రెండుంటాయి. మోడ్ 1లో స్విచ్ ఆపినా జీపీఎస్ ఆగదు, మోడ్ 2లో స్విచ్‌తో పాటు ఆగుతుంది. ఫీల్డులో ఉన్నంతసేపు మోడ్ 1 మేలు, లాక్ పోకుండా ఉంటుంది. బ్యాగులో పెట్టేముందు మోడ్ 2కి మార్చండి, లేదా పూర్తిగా డిసేబుల్ చేయండి. నడిచి తీసే పనికి 15 లేక 30 సెకన్లకోసారి లొకేషన్ తీసుకునేలా పెడితే చాలు, ప్రతి సెకనుకీ అక్కర్లేదు. కెమెరాలోనే ఉండే ట్రాక్ లాగర్ ఆన్ చేసి మరిచిపోవడం కూడా బ్యాటరీ తినే పనే.

బ్యాటరీ భయంతో ప్రతి ఫొటోకీ జీపీఎస్ ఆన్ చేసి, తీశాక ఆపేసేవాళ్లు ఇంకో చివర. ప్రతిసారీ వెతుకులాట మళ్లీ మొదలు. బ్యాటరీ మిగిలేది తక్కువ, లొకేషన్ దొరికేది ఇంకా తక్కువ. అదనంగా ఒక బ్యాటరీ జేబులో ఉంచుకోవడమే దారి.

అపోహ: సిమ్ లేదు, ఇంటర్నెట్ లేదు, అడవిలో పనిచేయదు

పనిచేస్తుంది. జీపీఎస్ రిసీవర్ వింటుంది తప్ప ఏదీ పంపదు. టవర్‌తో పనిలేదు. ఇంటర్నెట్ ఉపయోగపడేది ఒక్కచోట. నికాన్ పీ900 లాంటి కెమెరాల్లో ఏ-జీపీఎస్ ఫైలు (ఉపగ్రహాల కక్ష్య వివరాలు ముందే ఉన్న ఫైలు) కార్డులోకి ఎక్కించుకుంటే లాక్ త్వరగా అవుతుంది. ఆ ఫైలు రెండు వారాలే పనికొస్తుంది. గడువు దాటాక కెమెరా మామూలుగానే వెతుకుతుంది, కాకపోతే నెమ్మదిగా.

మబ్బుంటే రాదనేదీ పుకారే. మబ్బు పెద్ద అడ్డు కాదు. తడిసిన దట్టమైన ఆకులు, స్లాబు, రేకుల కప్పు, రైలు పెట్టె, ఎత్తైన భవనాల మధ్య ఇరుకు సందు, ఇవీ అసలు అడ్డంకులు. మన ఒళ్లూ అడ్డమే. కెమెరాని మెడలో వేలాడదీసినప్పుడు ఛాతీ సగం ఆకాశాన్ని కప్పేస్తుంది. చాలా మోడళ్లలో యాంటెన్నా కెమెరా పైభాగంలో ఉంటుంది. లాక్ కోసం ఎదురుచూసేటప్పుడు పైభాగం ఆకాశం వైపుండేలా చేత్తో పట్టుకోండి.

అపోహ: దశాంశం తర్వాత ఆరు అంకెలున్నాయి కాబట్టి అంగుళం కూడా తేడా ఉండదు

ఆరో అంకె దాదాపు 11 సెంటీమీటర్లతో సమానం. కెమెరా రిసీవర్‌కి అంత సత్తా లేదు. ఆకాశం విశాలంగా ఉంటే ఐదు మీటర్ల చుట్టుపక్కల, చెట్ల కింద, సందుల్లో అంతకు ఎన్నో రెట్లు తేడా వస్తుంది. పొలం గట్టు తగాదాకి కెమెరా లొకేషన్ పనికిరాదు, దానికి సర్వేయర్ కావాలి. ఇంకోటి, అందులో పడేది మీరు నిలబడ్డ చోటు, ఫొటోలో ఉన్న వస్తువు చోటు కాదు. కిలోమీటరు దూరం నుంచి జూమ్ చేసి తీసిన గుడి గోపురం మ్యాపులో మీ కాళ్ల దగ్గరే ఉంటుంది. దిక్సూచి ఉన్న కెమెరా అయితే ఏ దిక్కుకి తీశారో కూడా రాస్తుంది.

ఎత్తు అంకెను అసలు పట్టించుకోకండి. ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, కింద ఒక్కటీ ఉండదు, అందుకే ఎత్తులో తేడా ఎక్కువ. పైగా మన ప్రాంతంలో అసలు సముద్రమట్టం జీపీఎస్ ఎత్తు లెక్కకి వాడే డబ్ల్యూజీఎస్-84 అనే ఊహా మట్టం కంటే సుమారు 60 నుంచి 90 మీటర్లు కిందుంటుంది. ఆ సవరణ చేయని పరికరం బీచ్‌లో నిలబడ్డవాళ్లని సముద్రం అడుగున చూపిస్తుంది.

అపోహ: లొకేషన్ ఉన్న ఫొటో ఎవరికి పంపినా మన ఇల్లు తెలిసిపోతుంది

ఈ భయం అర్థం చేసుకోదగ్గదే, ముఖ్యంగా పిల్లల ఫొటోల విషయంలో. కానీ అంతా ఒకటే కాదు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లొకేషన్ పోతుంది. అదే ఫైలుని డాక్యుమెంట్‌గా పంపినా, మెయిల్‌కి జోడించినా, డ్రైవ్ లింకు ఇచ్చినా లొకేషన్ అలాగే వెళ్తుంది. జియోట్యాగ్ ఫొటోలు పంపమన్నారు కదా అని వాట్సాప్‌లో మామూలుగా పంపి తిట్లు తినే సైటు సిబ్బంది కష్టానికీ కారణం ఇదే. వాళ్లు డాక్యుమెంట్‌గా పంపాలి. ఇంట్లో తీసినవి బయటికి ఇచ్చేటప్పుడు లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌లో లొకేషన్ తీసేసే పెట్టెలో టిక్ పెట్టండి. విండోస్‌లో అయితే ఫైలు ప్రాపర్టీస్‌లో, డీటెయిల్స్ పేజీ అడుగున ఆ సదుపాయం ఉంది. అసలు ఫైలుని ముట్టుకోకుండా నకలు మీదే చేయండి. బట్టమేక పిట్ట లాంటి అరుదైన పక్షి గూడు ఫొటో అయితే, లొకేషన్ తీయకుండా ఎవరికీ ఇవ్వొద్దు. అక్కడ ప్రమాదం మీ ఇంటికి కాదు, ఆ పక్షికి.

జియోట్యాగ్ ఉంటే కోర్టులో తిరుగులేని సాక్ష్యమని కూడా అంటారు. ఎగ్జిఫ్‌టూల్‌తో ఆ అంకెల్ని ఎవరైనా క్షణంలో మార్చగలరు. ఎలక్ట్రానిక్ రికార్డుకి 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తు సంకేతం) కూడా రాయాలి. కాబట్టి కార్డులోని అసలు ఫైలుని, వీలైతే రా ఫైలుతో (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫైలు) సహా, దిద్దకుండా భద్రపరచండి.

చివరగా, కొత్త కెమెరా కొనేవాళ్లకి. కొత్త మోడల్ కదా, జీపీఎస్ ఉండే ఉంటుందనుకోకండి. పీ900లో ఉన్న జీపీఎస్ దాని తర్వాత వచ్చిన పీ1000లో లేదు. ఇప్పుడు చాలా కెమెరాలు బ్లూటూత్ ద్వారా ఫోన్ లొకేషన్‌నే తీసుకుంటాయి. అక్కడా పాత లొకేషన్ బెడద తప్పదు. బ్యాటరీ ఆదా పేరుతో ఫోన్ ఆ యాప్‌ని వెనకాల నిద్రపుచ్చేస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి లొకేషన్ అనుమతి ఎల్లప్పుడూ ఉండేలా మార్చి, బ్యాటరీ ఆదా జాబితా నుంచి దాన్ని తీసేయండి. ఆ తర్వాత కూడా మొదటి ఫొటోలో యూటీసీ సమయం చూశాకే పని మొదలుపెట్టండి.