కెమెరా బాక్సు ఒకటే కదా, ఎక్కడ కొంటే ఏంటి? - కొన్ని అపోహలు, వాస్తవాలు

"అన్నా, మీ దగ్గర కొనలేదు గానీ ఒకసారి చూస్తారా?"

ఈ వారంలో ఈ మాట వినడం ఇది నాలుగోసారి. కుర్రాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. తెల్లారితే షూట్. బర్స్ట్ (ఆగకుండా వరసగా ఫొటోలు) కొడితే పదిహేను ఫ్రేములకే కెమెరా బిగుసుకుపోతోంది. బాడీ (లెన్స్ కాకుండా ఉత్త కెమెరా) పోయిందని, మదర్‌బోర్డు మార్చాలని ఎవరో చెప్పేశారట. ముందే చెప్తున్నా, నేను కెమెరా డీలర్ దగ్గర సర్వీస్ డెస్కులో పనిచేస్తున్నాను. నా మాటల్లో స్వార్థం ఎంతుందో లెక్కేసుకుని, అది తీసేసి మిగిలిందే వినండి.

అపోహ: కంపెనీ వారంటీ ఉంది కదా, అమ్మినవాడు ఎవడైతే ఏంటి?

జనాన్ని నిలువునా ముంచేది ఇదే.

వాస్తవం: చాలా కంపెనీల బాడీ వారంటీ, ఆ కెమెరాను ఏ దేశంలో అమ్మడానికి పంపారో ఆ దేశానికే. గ్రే మార్కెట్ బాడీ, అంటే వేరే దేశం కోసం పంపినది పక్కదారిన ఇక్కడికొచ్చి అమ్ముడయ్యేది, నకిలీ ఏమీ కాదు. అదే ఫ్యాక్టరీ, అదే సెన్సర్, అదే సీలు. అందుకే కొనేటప్పుడు ఏ తేడా కనపడదు. సర్వీస్ సెంటర్‌లో సీరియల్ నంబర్ కొట్టినప్పుడు బయటపడుతుంది. కొన్నిచోట్ల డబ్బు కడతామన్నా అలాంటి బాడీని ముట్టుకోరు. బిల్లు మీద "సెల్లర్ వారంటీ" అని ఉంటే అది అమ్మినవాడి మాట, కంపెనీ మాట కాదు. వాడు ఫోను ఎత్తినన్నాళ్లే అది చెల్లుతుంది.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. కెమెరా పట్టుకున్న కొత్తలో చవగ్గా వచ్చిందని అలాంటి బాడీయే కొన్నాను. ఏడో నెలలో షట్టర్ పోయింది. కౌంటర్‌లో ఆవిడ సీరియల్ నంబర్ రెండుసార్లు కొట్టి చూసి, "సారీ అండీ, ఇది మా దగ్గరికి వచ్చింది కాదు" అంది. సొంత డబ్బుతో బయట రిపేరు, ఐదు వారాలు ఎదురుచూపు, ఈలోగా ఒప్పుకున్న పనులకి అద్దె కెమెరా. కొన్నప్పుడు మిగిలిందనుకున్న డబ్బు అద్దెకే చాల్లేదు.

సరే, అసలు వారంటీయే ఉందనుకోండి. అది పాడైన భాగాన్ని బాగు చేస్తుంది, రేపటి షూట్ చేసిపెట్టదు. కెమెరా సర్వీస్ సెంటర్‌లో పడుకున్నన్నాళ్లూ మీ చేతికి ఇంకో బాడీ ఇచ్చేదెవరు? డీలర్ అక్కరకొచ్చేది అక్కడే. కెనాన్ సీపీఎస్, నికాన్ ఎన్‌పీఎస్ లాంటి, ప్రొఫెషనల్ ఫొటోగ్రాఫర్ల కోసం కంపెనీలే నడిపే సేవలు ఉన్నాయి, నిజమే. వాటికీ సామాను సీరియల్ నంబర్లతో నమోదై ఉండాలి. మళ్లీ మొదటికే వచ్చాం.

ఇక ఆ కుర్రాడి సంగతి. బాడీ ఒకచోట, లెన్స్ ఒకచోట, మెమరీ కార్డు ఇంకోచోట కొన్నాడు. ముగ్గురికీ ఫోన్ చేస్తే ముగ్గురూ పక్కవాడి మీదికి తోశారు. నేను చేసిందల్లా అతని కార్డు తీసి మా డెమో కార్డు పెట్టడం. బర్స్ట్ కొట్టాం. కార్డులోకి రాస్తున్నట్టు చెప్పే ఎర్రలైటు నాలుగైదుసార్లు మినుకుమని ఆరిపోయింది. మళ్లీ అతని కార్డు పెడితే, నేను టీ తెచ్చుకుని వచ్చేసరికి కూడా అది వెలుగుతూనే ఉంది. కార్డు మీద వి90 అని ముద్ర. అంటే సెకనుకు కనీసం 90 మెగాబైట్లు ఆగకుండా రాయాలి. వెనక్కి తిప్పి చూపించాను. వి90 అంటే యూహెచ్ఎస్-2 అనే వేగమైన రకం కార్డు అయ్యుండాలి, దానికి వెనక పిన్నులు రెండు వరసలుండాలి. దీనికి ఒక్కటే వరస. అంటే ఆ ముద్ర అబద్ధం.

"అంటే బాడీ బానే ఉందా అన్నా?" అని మూడుసార్లు అడిగాడు పాపం. ఉంది తమ్ముడూ, బంగారంలా ఉంది.

అపోహ: కొత్త లెన్స్ అంటే పర్‌ఫెక్ట్ లెన్స్.

కాదు. డీసెంటర్ అయిన (లోపలి గాజు మధ్యలోంచి పక్కకి జరిగిన) లెన్సులు సీల్డ్ బాక్సుల్లోంచే వస్తాయి. చదునైన గోడకి కెమెరా సూటిగా ఎదురుగా ఉండేలా ట్రైపాడ్ పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి తీసి, నాలుగు మూలలూ పోల్చి చూడండి. ఒక మూల మాత్రమే మెత్తగా (మసకగా) ఉంటే అనుమానించండి. కెమెరాని నిలువుగా తిప్పి పెట్టి మళ్లీ తీసినా ఫ్రేములో అదే మూల మెత్తగా వస్తే తిరిగిచ్చేయండి. షాపులో ఇంకో పీసుతో అక్కడికక్కడే పోల్చుకోవచ్చు. అయితే ఈ పని రిటర్న్ గడువు దాటకముందే చెయ్యండి. ఆర్నెల్లయ్యాక తెస్తే నేను సానుభూతి మాత్రమే ఇవ్వగలను.

అపోహ: కంపెనీ చెప్పిన షట్టర్ కౌంట్ (షట్టర్ ఎన్నిసార్లు కొట్టుకుందన్న లెక్క) దాటితే కెమెరా చచ్చినట్టే.

కెనాన్ 1డీ ఎక్స్ మార్క్ 3కి 5 లక్షలని చెప్తారు. అది మన్నిక పరీక్ష అంకె, ఎక్స్‌పైరీ డేట్ కాదు. 2021లో వచ్చిన నికాన్ జెడ్9లో అయితే మెకానికల్ షట్టరే లేదు. ఇంకా ఈ గొడవేంటి?

అపోహ: ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే కెమెరా పాడైపోతుంది.

మామూలుగా పాడవదు. షూట్ ముందురాత్రి మాత్రం చెయ్యకండి, అంతే.

అపోహ: డీలర్ తనకి లాభం ఎక్కువున్నదే అంటగడతాడు.

ఇది సగం అపోహే. అలాంటివాళ్లు ఉన్నారు, నేనెందుకు కాదంటాను? డబ్బా చేతికిచ్చి బిల్లు కొట్టేవాడికి అదనంగా పైసా ఇవ్వక్కర్లేదు. అందుకే కొనేముందు మూడు అడగండి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాస్తారా? డెడ్ పిక్సెలో (సెన్సర్‌లో పనిచెయ్యని చుక్క), డీసెంటరో కనపడితే ఎన్ని రోజుల్లోపు మార్చిస్తారు? రిపేరుకి వెళ్తే స్టాండ్‌బై బాడీ ఇస్తారా? మూడోదానికి నవ్వేసి మాట మారిస్తే, నిక్షేపంగా ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. నేనేం అనుకోను.